మచ్చుకత్తి పదును

మన సీమలో పదును అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. తొలకరి వాన పడి, మడక కట్టేందుకు తగినంత తేమ నేలలోకి దిగితే "పదునైంది" అంటారు పెద్దవాళ్ళు. కత్తి అంచును వెలుతురుకు ఎత్తి చూసి "పదునుంది" అనేదీ వాళ్ళే. మొదటి పదును ఆకాశం దయ. రెండోది మన చేతిలో పని. ఈ నెల రెండో పదును సంగతి చూద్దాం.

కొన్నేళ్ళ క్రితం వేసవి సెలవులు ముగిసి బడి తెరిచిన రోజున పదో తరగతి పిల్లవాడొకడు మోకాలి కింద కట్టుతో కుంటుతూ వచ్చాడు. ఏమైందిరా అని అడిగితే, చేని గట్టున కంప కొడుతుండగా మచ్చుకత్తి జారి కాలికి తగిలిందన్నాడు. తొమ్మిది కుట్లు పడ్డాయట. "అంత పదునుగా ఉండిందా కత్తి?" అన్నాను. "లేదు సార్, మొద్దుకత్తి. పదునుంటే జారేదే కాదు" అన్నాడు. తరగతి అంతా గొల్లున నవ్వింది. మొద్దుకత్తి తెగడమేమిటని వాళ్ళ నవ్వు. కాని వాడు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ఆ రోజు నేను పాఠ్యపుస్తకం మూసేసి, పీడనం పాఠం ఆ కత్తితోనే మొదలుపెట్టాను.

పట్నం పిల్లల కోసం ఒక్క మాట. మచ్చుకత్తి అంటే కూరగాయలు తరిగే కత్తి కాదు. మూరకు కాస్త తక్కువ పొడవుతో, వెడల్పుగా, వీపు మందంగా, ముందువైపు బరువు ఎక్కువగా ఉండే కత్తి. మీ ఊళ్ళో కొబ్బరిబోండాలు కొట్టే అతని చేతిలో ఉండేది దాని దగ్గరి చుట్టమే. కర్నూలు, కడప పల్లెల్లో కంచె వేయడానికి ముళ్ళకంప కొట్టాలన్నా, సర్కారు తుమ్మను నరికి వంటచెరకు చేయాలన్నా, మేకలకు కొమ్మలు దించాలన్నా ఇదే పనిముట్టు.

ఇప్పుడు లెక్క చూడండి. పీడనం అంటే బలాన్ని వైశాల్యంతో భాగించగా వచ్చేది. కొమ్మకు కత్తి అంచు 3 సెంటీమీటర్ల పొడవున, అంటే 30 మిల్లీమీటర్ల పొడవున తగిలిందనుకుందాం. మొద్దుబారిన అంచు మందం మిల్లీమీటరులో అయిదో వంతు, అంటే 0.2 మిల్లీమీటరు అనుకుంటే, కొమ్మకు తగిలే వైశాల్యం 6 చదరపు మిల్లీమీటర్లు. బాగా నూరిన అంచు మందం 0.005 మిల్లీమీటరు అనుకుంటే వైశాల్యం 0.15 చదరపు మిల్లీమీటరు. చేతి బలం ఒకటే. దెబ్బా ఒకటే. పీడనం మాత్రం 40 రెట్లు! కత్తి నూరడం వల్ల మన భుజానికి కొత్త బలం రాలేదు. ఉన్న బలమంతా సన్నని గీత మీదికి చేరింది, అంతే.

మరి మొద్దుకత్తి ఎందుకు జారింది? కొమ్మ గుండ్రంగా ఉంటుంది. మనం కొట్టే దెబ్బ దాని మీద ఏటవాలుగా పడుతుంది. పదునైన అంచు తగలగానే బెరడును చీల్చుకొని లోపలికి దిగి, అక్కడే పట్టు చిక్కించుకుంటుంది. మొద్దు అంచుకు ఆ పట్టు దొరకదు. దెబ్బలో కొమ్మ పొడవునా పనిచేసే భాగం దాన్ని పక్కకు నెట్టేస్తుంది. పైగా మొద్దుకత్తి పట్టుకున్న మనిషి ఊరుకోడు, మరింత ఊపుతో కొడతాడు. 600 గ్రాముల కత్తి సెకనుకు 10 మీటర్ల వేగంతో పోతుంటే దాని గతిజశక్తి 30 జౌళ్ళు. వేగం 14 మీటర్లకు పెరిగితే అది దాదాపు 59 జౌళ్ళవుతుంది. వేగం సగం కూడా పెరగలేదు, శక్తి మాత్రం రెట్టింపయింది. ఆ శక్తి కొమ్మలో ఖర్చు కావాలి. కాకపోతే, కత్తి జారి ఎటు పోతే అటు పోతుంది. ఆ పిల్లవాడి విషయంలో మోకాలి వైపు పోయింది.

ఆ వారం చివర ఆదివారం నేను వాళ్ళింటికి వెళ్ళాను. మచ్చుకత్తి చూపించమన్నాను. ఎండలో అంచును కంటికి ఎదురుగా పెట్టి చూస్తే, పొడవునా తెల్లని గీత మెరిసింది. ఇది మీరూ చేయగల పరీక్ష. పదునైన అంచుకు చెప్పుకోదగిన మందం ఉండదు కాబట్టి అది వెలుతురును మన కంటికి తిప్పి పంపలేదు, నల్లగా కనిపిస్తుంది. మొద్దు అంచుకు మందం ఉంది. ఆ మందమే చిన్న అద్దంలా మెరుస్తుంది. ఎక్కడ మెరిస్తే అక్కడ పదును పోయినట్టు. బొటనవేలితో తడిమి చూడనవసరం లేదు, చూడవద్దు కూడా.

"నూరడం లేదా?" అని అడిగాను. "రోజూ నూరుతాం సార్" అని వాకిట్లో నాపబండ చూపించాడు. ఆ బండ అంచున వేలు పట్టేంత గాడి పడి ఉంది. వాళ్ళ అబ్బ కాలం నుంచి రుద్దుతున్నారట. బండ అరిగింది. కత్తి పదునెక్కలేదు. అక్కడుంది అసలు చిక్కు.

రెండు వస్తువులు ఒకదానితో ఒకటి రాసుకుంటే మెత్తనిది అరుగుతుంది, గట్టిది అరగదీస్తుంది. ఏది ఎంత గట్టిది అని తేల్చడానికి 1812లో ఫ్రెడరిక్ మోస్ అనే జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త ఒక వరస తయారుచేశాడు. వరసలో పై అంకె ఉన్నది కింది అంకె ఉన్నదాన్ని గీయగలదు. మన ప్రాంతం అదృష్టం ఏమిటంటే, ఆ వరస నేర్చుకోవడానికి మ్యూజియానికి పోనక్కరలేదు. బేతంచర్ల ప్రాంతంలో దొరికే బలపపు రాయి ఒకటో అంకె దగ్గర ఉంటుంది. అదే బేతంచర్లలో, కొలిమిగుండ్లలో, జమ్మలమడుగు వైపు తీసే నాపరాయి మూడో అంకె. చేలల్లో తెల్లగా మెరిసే పలుగురాయి ఏడు. బనగానపల్లె దగ్గర పూర్వం తవ్విన వజ్రం పది. తొలకరి వానలు పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం వంగి వంగి వెతికేది కూడా ఆ పదో అంకె రాతి కోసమే. ఒక్క పాత కర్నూలు జిల్లాలోనే ఒకటీ, మూడూ, ఏడూ, పదీ ఉన్నాయి!

కత్తి ఉక్కు అంకె ఎంత? సుమారు ఆరు, ఆరున్నర. నాపరాయి మూడు. ఇంకేముంది, కత్తే బండను నూరుతోంది! నాపరాయిలో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేటు, అంటే సున్నపురాయి. కావాలంటే నాపరాయి ముక్కను గీరి, ఆ పొడి మీద నిమ్మరసం పిండి చూడండి. చిన్న చిన్న బుడగలు పొంగుతాయి. ఆ వచ్చేది కార్బన్ డయాక్సైడ్ వాయువు. పలుగురాతి మీద ఎంత నిమ్మరసం పిండినా ఏమీ జరగదు. సాన పెట్టడానికి రాయి వెతికేటప్పుడు ఈ పరీక్ష గుర్తుంచుకోండి. బుడగలు వచ్చిన రాయి నేలకు పరవడానికి పనికొస్తుంది, కత్తికి కాదు.

కొందరు నాపబండ మీద ఇసుక చల్లి, నీళ్ళు చిలకరించి నూరుతారు. వాళ్ళ కత్తి పదునెక్కుతుంది కూడా. అప్పుడు పని చేస్తున్నది బండ కాదు, ఇసుక. ఇసుక గింజల్లో ఎక్కువ భాగం పలుగురాతి నలుసులే, ఏడో అంకె. మెత్తని బండలో అవి కూరుకొని నిలబడి ఉక్కును గీస్తాయి. పూర్వులు ఏ మోస్ పుస్తకమూ చదవకుండానే కనిపెట్టిన ఉపాయం ఇది.

అయితే పలుగురాయి ఉంటే చాలునా? గండికోట దగ్గర పెన్న కోసిన లోయ చూసిన వాళ్ళకు ఆ ఎర్రని రాతి గోడలు గుర్తుండే ఉంటాయి. అది క్వార్ట్‌జైటు. కోట్ల ఏళ్ళ నాటి ఇసుక ఒత్తిడికి గట్టిపడి రాయి అయింది. గింజలు పలుగురాతివే, కాని వాటి మధ్య అతుకు కూడా గింజంత గట్టిది. అందువల్ల కొద్దిసేపు నూరగానే పైనున్న గింజల మొనలు అరిగి, రాయి నునుపెక్కి, కత్తి దాని మీద జారిపోతుంది. మంచి సానరాతికి గింజ గట్టిగా ఉండాలి, అతుకు కాస్త వదులుగా ఉండాలి. అరిగిన గింజ తనంతట తానే రాలిపోవాలి, దాని కింది కొత్త మొన పైకి రావాలి. అందుకే క్వార్ట్‌జైటు కంటే మెత్తని ఇసుకరాయి మంచి సానరాయి అవుతుంది. అరగని రాయి గొప్పదని మనం అనుకుంటాం గాని, సాన విషయంలో అరిగే రాయే మంచి రాయి.

ఏడుకు, పదికి మధ్య తొమ్మిదిలో ఉన్నది కురువిందం. అనంతపురం జిల్లాలో దొరుకుతుంది. ఎర్రని కెంపు, నీలమణి కూడా ఈ జాతి రాళ్ళే. ఇంగ్లీషు వాళ్ళు కోరండం అనే మాట మన దక్షిణాది నుంచే తీసుకున్నారు. పూర్వం సాన పట్టేవాళ్ళు కురువిందాన్ని పొడిచేసి, కరిగించిన లక్కలో కలిపి చక్రాలు పోసేవారు. గింజ గట్టిది, లక్క అతుకు మెత్తనిది. పైన చెప్పిన సూత్రమే! 1891లో అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ అనే ఆయన విద్యుత్ కొలిమిలో కృత్రిమంగా ఒక గట్టి పదార్థాన్ని తయారుచేసి దానికి కార్బొరండం అని పేరు పెట్టాడు. ఇప్పుడు ఇనుప సామాన్ల దుకాణంలో మీకు దొరికే బూడిదరంగు సానరాయి సాధారణంగా అదే. ఒకవైపు గరుకు, ఒకవైపు నునుపు. 120 నంబరు అంటే గింజ మిల్లీమీటరులో పదో వంతు. 400 నంబరు అంటే నూటికి రెండు మూడు వంతులు. నంబరు పెరిగిన కొద్దీ గింజ చిన్నదవుతుందని గుర్తుంచుకోండి. దుకాణంలో చాలామంది తిరగేసి అనుకొని పెద్ద నంబరును గరుకని కొంటారు.

రాతి సంగతి అయింది. ఇక ఉక్కు సంగతి. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

1996లో, ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో, మా నాయన మచ్చుకత్తిని పట్నంలో కరెంటు సాన చక్రం మీద పట్టించాను. రాళ్ళ మీద గంటసేపు నూరడమెందుకు, నిమిషంలో అవుతుంది కదా అని నా తెలివి. చక్రం తిప్పే అతను నీళ్ళ డబ్బా తెస్తానంటే, బస్సుకు వేళైందని నేనే తొందరపెట్టాను. నిప్పురవ్వలు జల్లుగా ఎగిశాయి. అంచు తళతళలాడింది. అంచు వెంట ఒకచోట నీలి రంగు కనిపిస్తే అందంగానే ఉందనుకున్నాను. మరునాడు తుమ్మ మీద నాలుగు దెబ్బలు వేసేసరికి ఆ నీలి చోట అంచు తగరపు రేకులా వంగిపోయింది. మా నాయన ఏమీ అనలేదు. కత్తిని కొలిమి దగ్గరికి తీసుకుపోయి ఆచారి ముందు పెట్టాడు. ఆచారి చూసి, "ఈ నీలం రంగు చూసినావా సామీ? ఉక్కు సచ్చిపోయింది" అన్నాడు.

ఉక్కు చావడమంటే ఏమిటి? ఇనుములో కొద్దిగా కర్బనం కలిస్తే ఉక్కు. మన పల్లె కొలుముల్లో చాలా కత్తులు పాత లారీల కమాను పట్టీల నుంచి తయారవుతాయి. వాటిలో కర్బనం నూటికి అర వంతు పైన ఉంటుంది. ఆ మాత్రమే చాలు, పదును నిలవడానికి. ఇళ్ళ కిటికీలకు వాడే మెత్తని ఇనుములో అందులో సగం కూడా ఉండదు. దానితో కత్తి చేస్తే ఎంత నూరినా పదును నిలవదు. కమాను పట్టీని 800 డిగ్రీల సెంటీగ్రేడు దాటేదాకా కాలిస్తే కర్బనం ఇనుములో కరిగిపోతుంది. తటాలున నీళ్ళలో ముంచితే ఆ కర్బనం విడివడి బయటకు వచ్చే వ్యవధి లేక ఇనుప స్ఫటికాల మధ్యనే చిక్కుకుపోతుంది. స్ఫటికాలు బిగుసుకుపోతాయి. ఉక్కు గాజులా గట్టిపడుతుంది, గాజులాగే పెళుసు కూడా అవుతుంది. ఆ స్థితిలో కొమ్మను కొడితే అంచు పలకలుగా ఊడుతుంది. అందుకని మళ్ళీ కొంచెం వేడి చేసి పెళుసుతనం తగ్గించాలి. ఎంత వేడి అన్నదే కొలిమి విద్య.

ఆ రోజు ఆచారి చేసింది నేను కళ్ళారా చూశాను. పొద్దుగూకే దాకా మమ్మల్ని కూర్చోబెట్టాడు. ఎండలో కాలిన ఇనుము రంగు సరిగా తెలియదు. చీకటి పడుతుండగా కత్తిని బొగ్గుల్లో పెట్టి ఎర్రగా కాల్చి, అంచును మాత్రమే నీళ్ళలో ముంచాడు. వెంటనే తీసి, రాతి ముక్కతో అంచు దగ్గర గబగబా రుద్ది మెరిపించాడు. వీపులో వేడి ఇంకా ఉంది కదా, అది మెల్లగా అంచు వైపు పాకుతోంది. మెరిసే ఉక్కు మీద రంగులు ఒకదాని వెంట ఒకటి నడిచి వచ్చాయి. ముందు లేత గడ్డి రంగు, అది సుమారు 220 డిగ్రీలు. తరువాత గోధుమ రంగు, 260 దగ్గర. ఊదా, 280 దగ్గర. దాని వెనక నీలం, 300 దగ్గర. గోధుమ, ఊదా రంగులు అంచుకు చేరగానే మొత్తం కత్తిని నీళ్ళలోకి తోశాడు. ధర్మామీటరు లేదు. రంగే ధర్మామీటరు.

ఆ రంగులు పూసినవి కావు. వేడికి ఉక్కు మీద ఆక్సైడు పొర పల్చగా కడుతుంది. వేడి పెరిగిన కొద్దీ పొర మందమవుతుంది. పొర పైనుంచీ, కిందనుంచీ తిరిగి వచ్చే కాంతి కిరణాలు కలిసి కొన్ని రంగులు అణగిపోతాయి, కొన్ని మిగులుతాయి. వాన నీటి మీద కిరసనాయిలు చుక్క పడితే కనిపించే రంగులూ ఇవే. నేను పట్నంలో చూసి మురిసిపోయిన నీలం, అంచు 300 డిగ్రీలు దాటి మెత్తబడిందన్న కబురు. అంచు ఎంత సన్నగా ఉంటే అంత త్వరగా వేడెక్కుతుంది, వేడి పోవడానికి దాని వెనక లోహం లేదు. అందుకే కరెంటు చక్రం మీద పట్టేవాళ్ళు మాటిమాటికీ కత్తిని నీళ్ళలో ముంచాలి. కత్తిని పట్టుకున్న చేతికి చురుక్కుమనేలోపే ముంచాలి. సైకిలుకు బిగించి కాలితో తిప్పే సాన చక్రం నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి దానితో ఈ ప్రమాదం తక్కువ.

ఉక్కు విషయంలో మనవాళ్ళ పేరు ఒకప్పుడు చాలా దూరం పాకింది. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి చేసిన ఉక్కును కొనడానికి పర్షియా వర్తకులు వచ్చేవారు. దానిలో కర్బనం నూటికి ఒకటిన్నర వంతుల దాకా ఉండేది. యూరపులో దానిని వూట్జ్ అన్నారు. కన్నడంలోను, తెలుగులోను ఉన్న ఉక్కు అన్న మాటే అలా మారిందని చెబుతారు. విద్యుత్తు పాఠంలో మీరు చదివే మైకేల్ ఫారడే 1819లో ఈ ఉక్కును పరీక్షించి, దానిలో ఏముందో తెలుసుకోవడానికి ప్రయత్నించాడు. అలాంటి ఉక్కును నకలు చేయబోయి ఆయన రకరకాల మిశ్రలోహాలు కూడా తయారుచేశాడు.

సరే, ఆ ఆదివారం పని దగ్గరికి వద్దాం. ఇది మీరు ఒంటరిగా చేసే పని కాదు. ఇంట్లో పెద్దవాళ్ళు పక్కన ఉండి, కత్తి వాళ్ళు పట్టుకుంటే, రాయి మీరు పట్టవచ్చు.

మొదట కోణం. అంచు అంటే రెండు వాలులు కలిసే చోటు. ఆ రెండింటి మధ్య కోణం ఎంత తక్కువైతే కత్తి అంత తేలికగా దిగుతుంది, అంత త్వరగా వంగుతుంది, ఊడుతుంది. మంగలి కత్తికి 20 డిగ్రీల లోపే చాలు, అది వెంట్రుకలను మాత్రమే కోయాలి. కూరగాయల కత్తికి 30 ఉంటే మంచిది. తుమ్మ మొద్దును కొట్టే మచ్చుకత్తికి 40 డిగ్రీలు ఉండాలి. మచ్చుకత్తిని మంగలి కత్తిలా నూరి గొప్పగా చూపించేవాళ్ళున్నారు. కాగితం కోయడానికి బాగుంటుంది. నాలుగు కొమ్మలు కొట్టాక దాని అంచు చూడాలి!

40 డిగ్రీలంటే ఒక్కో వైపు 20. దాన్ని ఎలా కొలవాలి? చదరపు కాగితం తీసుకోండి. దాని మూల 90 డిగ్రీలు. మూలను సగానికి మడిస్తే 45. ఇంకోసారి మడిస్తే ఇరవై రెండున్నర. ఆ మొనను రాతికి, కత్తి చెంపకు మధ్య పెట్టి చూసుకుంటే దాదాపు సరిపోతుంది. పదో తరగతి వాళ్ళకు మరో దారి ఉంది. కత్తి వెడల్పు 6 సెంటీమీటర్లు అనుకోండి. అంచును రాతి మీద ఆనించి వీపును 2 సెంటీమీటర్లు పైకెత్తితే, ఆ కోణం సైను విలువ ఆరింట రెండు, అంటే మూడో వంతు. పట్టికలో చూస్తే పందొమ్మిదిన్నర డిగ్రీలు. త్రికోణమితి ఎందుకు పనికొస్తుందని అడిగే వాళ్ళకు ఇది నా జవాబు.

పెద్ద కత్తిని చిన్న రాతి మీద తిప్పడం కష్టం. కత్తిని కదలకుండా ఉంచి రాతిని కదిలించడం నయం. పిల్లవాడి తండ్రి కత్తిని అరుగు మీద పెట్టి, అంచు అవతలివైపుకు ఉండేటట్టు పిడిని అదిమి పట్టాడు. మేము రాతిని నీళ్ళలో నానబెట్టి, గరుకు వైపుతో మొదలుపెట్టాం. నీళ్ళెందుకంటే, ఒకటి, అరిగిన ఉక్కు పొడి రాతి సందుల్లో ఇరుక్కోకుండా కొట్టుకుపోతుంది. రెండు, వేడి పుట్టినా నిలవదు. వేళ్ళు ఎప్పుడూ రాతి పైముఖానికి వెనకే ఉండాలి, అంచు దాటి కిందికి రాకూడదు. ఒకే కోణంలో, పిడి దగ్గర నుంచి కొస దాకా, గట్టిగా అదమకుండా రుద్దుతూ పోవాలి. కోణం మాటిమాటికీ మారితే అంచు గుండ్రమవుతుంది, గంట నూరినా ఫలితం ఉండదు.

ఎంతసేపు? గడియారం చూసి కాదు. ఒకవైపు నూరుతుంటే, వాలు అంచు దాకా చేరిన క్షణాన, ఉక్కు చాలా సన్నని రేకులా అవతలివైపుకు మడుచుకుంటుంది. కంటికి కనబడదు. అవతలివైపు దూదిని వీపు నుంచి అంచు వైపుకు మెల్లగా జార్చండి. దూది పోగులు అంచున చిక్కుకుంటే రేకు లేచినట్టే. పొడవునా లేచే దాకా ఆ వైపు వదలవద్దు. తరువాత రెండో వైపు కూడా అంతే. ఆ పైన నునుపు వైపు రాతితో, ఒక్కో వైపు వంతులవారీగా, బరువు తగ్గిస్తూ పోవాలి. ఆ రేకు అరిగి సన్నబడుతుంది. చివరికి పాత తోలు బెల్టు లోపలి ముఖం మీద కత్తిని వీపు ముందుకు పెట్టి లాగితే అది రాలిపోతుంది. మంగలి తన కత్తిని తోలుపట్టీ మీద అటూ ఇటూ తిప్పి లాగేది ఇందుకే. ఆ రేకును తియ్యకుండా వదిలేస్తే కత్తి మొదటి రెండు దెబ్బలకు అద్భుతంగా తెగుతుంది, మూడో దెబ్బకు రేకు వంగి మొద్దవుతుంది. "నూరాను గాని నిలవలేదు" అనేవాళ్ళలో సగం మంది కథ ఇదే.

మాకు గంటన్నర పట్టింది. ఎండలో పెట్టి చూస్తే తెల్లగీత పోయింది, కొస దగ్గర రెండు నలుసులు తప్ప. ఆ నలుసులు పోవాలంటే చాలా ఉక్కు అరగదీయాలి. వదిలేశాం. వచ్చే రెండు మూడు సార్లలో అవే పోతాయి.

ఇక తెచ్చుకున్న పదును నిలుపుకోవడం. కత్తి అంచుకు మొదటి శత్రువు కట్టె కాదు, మట్టి. మట్టిలో ఇసుక ఉంది, ఇసుక ఏడో అంకె. కంపను మొదలంటా కొట్టబోయి ఒక్కసారి నేలకు తగిలించారంటే అరగంట నూరుడు వృథా. కొస ముందు మొద్దుబారడానికి కారణం ఇదే. దుమ్ము పట్టిన కొమ్మను కూడా ఒకసారి దులిపి కొట్టడం మంచిది. రెండోది మెలిపెట్టడం. కత్తి కట్టెలో ఇరుక్కుంటే పక్కలకు ఊపి తీస్తారు చాలామంది. అంచు నిలువు దెబ్బను భరించినంతగా పక్క ఒత్తిడిని భరించదు. 2020లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో శాస్త్రవేత్తలు గడ్డం గీసే బ్లేడును ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశారు. వెంట్రుక ఉక్కు కంటే 50 రెట్లు మెత్తనిది. అయినా అది వంగి బ్లేడుకు ఏటవాలుగా తగిలినప్పుడు, ఉక్కు నిర్మాణం ఒకేలా లేని చోట అంచు నలుసులుగా ఊడుతోందని కనిపెట్టారు. వెంట్రుకే అంత పని చేస్తే, తుమ్మ మొద్దులో మెలిపెట్టిన కత్తి సంగతి ఊహించుకోండి. ఇరుక్కున్న కత్తిని ఏ దారిన పోయిందో ఆ దారినే వెనక్కి లాగాలి.

మూడోది తుప్పు. మన వైపు ఏడాదికి 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడుతుంది, గాలి చాలా నెలలు పొడిగానే ఉంటుంది. కోస్తాలో పట్టినంత తొందరగా ఇక్కడ తుప్పు పట్టదు. కాని చేతి చెమటలో ఉప్పుంది, కొమ్మల పాలలో, పసరులో తేమ ఉంది. నల్లతుమ్మ కొట్టిన కత్తి నల్లబడడం మీరు చూసే ఉంటారు. అది మసి కాదు. తుమ్మ బెరడులో తోళ్ళు ఊనడానికి వాడే టానిన్ అనే వగరు పదార్థం ఉంది. అది ఇనుముతో కలిస్తే నల్లని రంగు పుడుతుంది. కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి పూర్వం సిరా చేసిందీ ఈ రసాయన చర్యతోనే. అంటే తుమ్మ కొట్టిన ప్రతిసారీ కత్తి మీద కొద్దిగా సిరా తయారవుతోందన్నమాట! పని కాగానే తడిగుడ్డతో, ఆ వెంటనే పొడిగుడ్డతో తుడిచి, రెండు చుక్కల ఆముదం రాస్తే చాలు. బుడ్డల నూనె రాసినా ఫరవాలేదు గాని, వంటనూనెలు కొన్నాళ్ళకు గాలి తగిలి జిగటగా మారి దుమ్మును పట్టుకుంటాయి.

తోలు ఒర ఉన్నవాళ్ళు అందులో కత్తిని నెలల తరబడి వదలకండి. తోలు తేమను పీలుస్తుంది, ఊనిన తోలులో లవణాలుంటాయి. ఒర పొలానికి పోయి వచ్చేటప్పటికే. ఇంట్లో కత్తి గోడకు పైన, గాలి తగిలేచోట, చిన్నపిల్లలకు అందని ఎత్తులో ఉండాలి.

ఆ పిల్లవాడి తండ్రి కత్తిని దూలానికి చెక్కుతూ, వాకిట్లో నాపబండ గాడి వైపు చూసి, "అయితే ఇన్నేండ్లూ మేం బండను నూరినామంటావు సార్" అన్నాడు. అవునన్నాను. మరుసటి వారం ఆ పిల్లవాడు ఏటి గట్టు నుంచి ఒక ఇసుకరాయి ముక్క బడికి తెచ్చాడు. జేబులో నిమ్మకాయ కూడా ఉంది.